క్యాజువాల్టీలో మూడు వారాలు: వార్డుకు మార్చమని అడగాలా?

ప్రశ్న: కొత్త సిస్టర్, అమలాపురం దగ్గర

సీనియర్ సిస్టర్లకు, బ్రదర్లకు నమస్కారం. నేను కాకినాడలో బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తి చేసి, ఇక్కడి ఒక ఆసుపత్రిలో చేరి మూడు వారాలైంది. క్యాజువాల్టీ, అంటే అత్యవసర విభాగం, కావాలని నేనే అడిగి తీసుకున్నాను. గత వారం నైట్ డ్యూటీలో, దాళ్వా చేలో పురుగుమందు కొడుతూ పడిపోయిన ఒక రైతును ఆటోలో తీసుకొచ్చారు. నోటి వెంట నురగ, ఒళ్లంతా చెమట, చుట్టూ పదిమంది బంధువులు. ఆ విషానికి విరుగుడైన అట్రోపిన్ మూడు మిల్లీగ్రాములు ఇమ్మని డాక్టరు గారు చెప్పగా, నేను ఒక్క ఆంపుల్ (చిన్న గాజు బుడ్డి) మందు సిరంజిలోకి తీసి అలాగే నిలబడిపోయాను. సీనియర్ సిస్టర్ గారు సిరంజి లాక్కుని మిగిలిన పని తామే చేశారు. ఆయన కోలుకుని ఇంటికి వెళ్లారు గానీ, నాకు మాత్రం డ్యూటీకి వెళ్లే వేళకు చేతులు చల్లబడుతున్నాయి. ఏడాది పాటు వార్డులో పనిచేసి తిరిగి రావడం మంచిదా? ఇక్కడే ఉండేటట్లయితే ముందుగా ఏమి నేర్చుకోవాలి?

జవాబు 1: క్యాజువాల్టీ సిస్టర్, పాలకొల్లు

అమ్మా, ఉండిపొమ్మనే నా సలహా. మీరు తడబడింది ధైర్యం లేక కాదు, లెక్క తెలియక. మన దగ్గర సాధారణంగా దొరికే అట్రోపిన్ ఆంపుల్‌లో 0.6 మిల్లీగ్రాములే ఉంటుంది కనుక, మూడు మిల్లీగ్రాములంటే అయిదు ఆంపుళ్లు. ఊపిరితిత్తుల్లో గరగర తగ్గకపోతే అయిదు నిమిషాలకు డాక్టరు గారు మోతాదు రెట్టింపు చేయమంటారు, అప్పుడు పది, ఆ తరువాత ఇరవై. ఈ లెక్క ముందే తెలిసిన సిస్టర్ మొదటి మాటకే పెట్టె మొత్తం ట్రాలీ మీద పెడుతుంది. కంటిపాప పెద్దదైందని సంతోషించి ఆగకూడదు. ఛాతీ శుభ్రపడిందా, నాడి, బి.పి. నిలబడ్డాయా అన్నదే చూడాలి.

మందు ఇస్తూ ఉండగానే బట్టలు తీసేసి ఒళ్లు సబ్బు నీళ్లతో కడిగించాలి. పురుగుమందుతో తడిసిన లుంగీ ఒంటి మీదే ఉంటే విషం చర్మం గుండా ఇంకా లోపలికి పోతూనే ఉంటుంది. గ్లవ్స్ లేకుండా వాటిని ముట్టుకోకండి. తీసిన బట్టలను కవరులో కట్టి పేరు రాసి ఉంచండి, ఎం.ఎల్.సి. (పోలీసులకు తెలపవలసిన కేసు) అయితే అడుగుతారు. డ్యూటీకి పావుగంట ముందు వెళ్లి క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, పరికరాలుండే బండి) సొరుగులన్నీ మీ చేతులతో తెరిచి చూసుకోండి. ఏది ఎక్కడుందో కంటికి కాదు, చేతికి తెలియాలి. నోటితో చెప్పిన ఆర్డరును పైకి తిరిగి చెప్పి, "అయిదు ఆంపుళ్లేనా డాక్టరు గారూ?" అని అడిగితే ఎవరూ చిన్నబుచ్చరు. చిన్నబుచ్చినా అడగండి.

జవాబు 2: బ్రదర్, భీమవరం

సిస్టర్ గారి మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. రాత్రి మీ పక్కన అనుభవం ఉన్నవారు ఒకరైనా ఉంటేనే ఉండండి. కొత్తవారిని ఒంటరిగా నైట్ డ్యూటీకి వేసే చోటైతే మార్పు అడగడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు, అది రోగి క్షేమం కూడా. మా వైపు రొయ్యల చెరువుల మీద ఏరేటర్ (నీటికి గాలి అందించే యంత్రం) దగ్గర కరెంటు షాక్ కొట్టినవారు వస్తుంటారు. నడిచి వచ్చాడని పంపేయకుండా ముందు ఇ.సి.జి. తీయించాలి. సి.పి.ఆర్. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు నొక్కాలని పరీక్షలో అందరం రాశాం, కానీ ఎత్తయిన ట్రాలీ మీద ఉన్న మనిషిని నేల మీద నిలబడి అంత లోతుకు నొక్కలేం. మెట్టు పీట ఎక్కడుందో చూసి పెట్టుకోండి.

జవాబు 3: డ్యూటీ డాక్టరు, రాజోలు వైపు

సార్వా కాలం వచ్చేలోపు పాము కాట్ల గురించి సిద్ధపడండి. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఆపైన వంచి చూడాలి. గడ్డకట్టకుండా జారితే రక్తపింజర విషాన్ని అనుమానిస్తాం. ప్లాస్టిక్ గొట్టంలో ఈ పరీక్షను నమ్మలేం. కట్లపాము సంగతి వేరు: రక్తం మామూలుగానే గడ్డకడుతుంది, కాటు వేసిన చోట నొప్పి ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అనో, కనురెప్పలు వాలిపోతున్నాయనో వస్తే నన్ను వెంటనే పిలవండి, గ్యాస్ ఇంజక్షన్ ఇచ్చి కూర్చోబెట్టకండి. ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలుగుతున్నారో గంట గంటకూ రాస్తే, శ్వాస కండరాలు బలహీనపడుతున్న సంగతి మానిటర్ కంటే ముందే మీకు తెలుస్తుంది. విరుగుడు మందు పిల్లలకూ పెద్దలకూ ఒకే మోతాదని, మొదటి వయల్ ఎక్కించే ముందే అడ్రినలిన్ చేతికి అందేలా ఉండాలని గుర్తుంచుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి మాకు సీనియర్ సిస్టర్ గారు ఉంటారు కనుక ఉండాలనే నిర్ణయించుకున్నాను. ఈ రోజు ముందుగా వెళ్లి సొరుగులన్నీ చూశాను. అట్రోపిన్ పెట్టెలు రెండు ఉన్నాయి. గొట్టాలు మాత్రం అన్నీ ప్లాస్టిక్‌వే. ఇన్‌చార్జి సిస్టర్ గారికి చెబితే, గాజు గొట్టాలకు ఇండెంటు (కావాలని కోరే చీటీ) నన్నే రాయమన్నారు, రాసి ఇచ్చాను.