గిన్నెల పుల్ అవుట్ ర్యాక్ బిగింపు: మడతబందులు అడ్డొస్తున్నాయి, ఏం చేయాలి?

వంటగట్టు కింది అరలో గిన్నెలు, పెనాల కోసం బయటికి లాగే ర్యాక్ బిగిస్తున్నాను. అర లోపలి వెడల్పు 56 సెంటీమీటర్లు, ర్యాక్‌ది 53. అయినా తలుపు తెరిస్తే మడతబందులు లోపలికి పొడుచుకొచ్చి ర్యాక్ అంచుకు తగులుతున్నాయి. ర్యాక్‌ను పూర్తిగా రెండో పక్కకు జరిపితే చాలా, లేక తలుపు ఇంకా వెడల్పుగా తెరుచుకునే మడతబందులు మార్చాలా?

నాకు అంతకంటే పెద్ద దిగులు బరువు. ఇనుప పెనాలతో ర్యాక్‌ను పూర్తిగా ముందుకు లాగినప్పుడు వెనక స్క్రూల మీదే లాగుడు పడుతుంది. అర అడుగుభాగం పార్టికల్ బోర్డుతో (చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక) చేసింది. అందులో స్క్రూ పట్టు త్వరగా వదులవుతుంది. అడుగున ప్లైవుడ్ పలక వేసి, దానికి బిగించడమే మేలనిపిస్తోంది. కానీ అలా చేస్తే ఎత్తు తగ్గి లోతైన గిన్నెలు పట్టవేమో. అడుగు పలకకు రంధ్రాలు వేసి బోల్టులు కిందికి దించి వాషర్లతో బిగించిన వారెవరైనా ఉన్నారా? కొంతకాలం వాడాక కూడా గట్టిగా నిలిచిందా, దయచేసి చెప్పండి.