కుప్పకూలిన మనిషికి ఉష్ణోగ్రత ఎక్కడ చూడాలి?

పరుగుబాట:
పరుగు పోటీల్లో ప్రథమ చికిత్స శిబిరం చూసుకునే స్వచ్ఛంద సేవకుణ్ణి. మా బృందంలో ఒక తగవు తెగడం లేదు. ఎండలో పరుగెత్తి పడిపోయినవారికి మలద్వారంలోనే ఉష్ణోగ్రత చూడాలని కొందరు పట్టుబడుతున్నారు. నుదుటి దగ్గర పట్టే థర్మామీటర్ ఉండగా మనిషిని అంత ఇబ్బంది పెట్టడం ఎందుకు? లక్షణాలు చూసి చికిత్స చేస్తే చాలదా?

నైట్‌డ్యూటీ:
చాలదు. నేను నర్సును, కళ్లారా చూసింది చెబుతాను. ముగింపు గీత కనబడుతుండగా ఒక యువకుడు పడిపోయాడు. నుదుటి దగ్గర పట్టిన పరికరం 37.4 డిగ్రీల సెల్సియస్ చూపించింది. జ్వరం లేదు, నీరసమే అనుకుని నీడన కూర్చోబెట్టారు. నేను వెళ్లేసరికి అతను చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నట్టు ఛాతీ మీద వేళ్లు ఆడిస్తున్నాడు. ఒంటి మీద ఉన్నది బొత్తాలే లేని బనియను. గుడారంలోకి తీసుకెళ్లి మలద్వారంలో ప్రోబ్, అంటే ఉష్ణోగ్రత చదివే సన్నని తీగ, పెడితే 41.6.

ఆ పరికరం చెడిపోలేదు. అది చదివింది చర్మాన్ని. ఆరుతున్న చెమట ఆ చర్మాన్ని చల్లబరుస్తోంది. చంకలో చూసినా నమ్మలేం. నోట్లో పెడితే రొప్పుతూ పీల్చే గాలి, అప్పుడే తాగిన నీళ్లు అంకెను దించేస్తాయి. తలమీద నీళ్లు గుమ్మరించుకుంటూ వచ్చినవాడి చెవి కూడా చల్లబడే ఉంటుంది.

శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో లోపలి ఉష్ణోగ్రత 40 దాటుతుంది, మెదడు తడబడుతుంది. అరగంటలోపు దించగలిగితే బతికే అవకాశం చాలా ఎక్కువ. మంచునీళ్ల తొట్టిలో మెడదాకా ముంచడం ముందు, ఆసుపత్రికి పంపడం తర్వాత. 37.4 చూసి ఊరుకున్నవాళ్లు పోగొట్టేది ఆ అరగంటనే.

మంచుదారి:
ఎండ వరకు ఒప్పుకుంటాను. ఆ మాటను మంచులోకి మాత్రం తీసుకురావద్దు. నేను కొండల్లో రక్షణ బృందంతో తిరుగుతాను. చలికి బిగుసుకుపోయిన మనిషికి గాలిలో బట్టలు విప్పి ప్రోబ్ పెడితే, కాపాడాల్సిన వేడిని మన చేతులతోనే పారబోసినట్టు. పైగా మలద్వారంలో అంకె వెనకబడి నడుస్తుంది. గుండె వెచ్చబడుతున్నా అక్కడ ఇంకా కిందే ఉంటుంది. మామూలు జ్వరం థర్మామీటర్లు చాలావరకు 34, 35 కిందికి చదవనే చదవవు. హైపోథెర్మియా, అంటే ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడడం, మొదలయ్యేదే 35 కింద!

మేము చూసేవి వణుకు, తెలివి. రెండూ ఉంటే ఉష్ణోగ్రత సుమారుగా 32కు పైనే ఉందనుకుంటాం. వణుకు ఆగి మగతలోకి జారితే అంతకు దిగువకు పోయిందని లెక్కపెట్టి, కుదుపు తగలకుండా పడుకోబెట్టే మోస్తాం. అంతగా చల్లబడ్డ గుండె చిన్న కుదుపుకే లయ తప్పవచ్చు. ఆసుపత్రిలో శ్వాసగొట్టం వేశాక అన్నవాహిక కింది భాగంలో ప్రోబ్ పెడతారు. అది గుండె వెనకే ఉంటుంది కనుక నమ్మదగింది. ఇంకో మాట, అంకె చూసి ఆశ వదలకూడదు. 1999లో నార్వేలో మంచుగడ్డ కింద చిక్కుకున్న స్వీడన్ వైద్యురాలు అన్నా బోగెన్‌హోమ్ శరీర ఉష్ణోగ్రత 13.7కు పడిపోయింది. ఆమె బతికారు.

పరుగుబాట:
చలిలో లక్షణాలు చాలు, ఎండలో చాలవు. ఇది ఎలా పొసగుతుంది?

నైట్‌డ్యూటీ:
చలిలో వణుకు లోపలి సంగతి చాలావరకు చెప్పేస్తుంది. ఎండలో అంత నమ్మకమైన గుర్తు లేదు. తికమక మాటలు రక్తంలో చక్కెర తగ్గినా వస్తాయి, నీళ్లు అతిగా తాగి సోడియం పడిపోయినా వస్తాయి. వడదెబ్బకు చెమట ఆగిపోతుందని చాలామంది నమ్ముతారు. పరుగెత్తి పడినవాడు తరచు చెమటలో తడిసే ఉంటాడు. తొట్టిలోంచి ఎప్పుడు తీయాలో కూడా ప్రోబే చెప్పాలి. 39 దగ్గర ఆపకపోతే మనిషిని మంచుదారి గారి లోకంలోకి నెట్టేస్తాం.

కొలమానం:
లోపలి ఉష్ణోగ్రత చెప్పే మింగే మాత్ర ఉంది కదా? 1998లో అంతరిక్షానికి వెళ్లినప్పుడు అమెరికా వ్యోమగామి జాన్ గ్లెన్ అలాంటిదే మింగారు.

నైట్‌డ్యూటీ:
అది కొన్ని గంటల ముందే మింగి ఉండాలి. ఇంకా కడుపులోనే ఉంటే తాగిన నీళ్ల చల్లదనాన్ని చదువుతుంది. పరిశోధనకు మంచిదే, పడిపోయినవాడికి కాదు.

శిక్షకురాలు:
ఇబ్బంది గురించి ఎవరూ జవాబు చెప్పలేదు. అది చిన్న విషయం కాదు. మా అమ్మాయిలకు పోటీకి ముందే విడమరచి చెబుతాను, సమ్మతి రాయించుకుంటాను. తెర, దుప్పటి, గుడారంలో ఇద్దరు సిబ్బంది, వారిలో ఒకరు మహిళ. ఇవి ఉన్నచోట ఇంతవరకు ఒక్కరూ వద్దనలేదు. ఇవేవీ లేకుండా బయట పడుకోబెట్టి చేస్తే నేనే అడ్డుపడతాను.

పరుగుబాట:
నుదుటి పరికరాన్ని మా శిబిరం నుంచి తీసేస్తున్నాను. కానీ ప్రోబ్ పెట్టడం శిక్షణ ఉన్నవారి పని అన్న మాట వదలను. అలాంటివారు లేని రోజున ఏం చేయాలి?

నైట్‌డ్యూటీ:
ఎండలో పరుగెత్తి పడినవాడు తన పేరు తడబడుతూ చెబుతుంటే అంకె కోసం ఆగకండి. తల పైకి పట్టుకుని తొట్టిలో దించండి, అంబులెన్సుకు ఫోను చేయండి.