ఒంటరి ప్రయాణంలో ఆఖరి నాలుగు రోజులు: తిరగాలా, ఆగాలా?

గంటస్తంభం (విజయనగరం)

కిందటి అక్టోబరులో వియత్నాం ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. ఇరవై ఆరు రోజులు, వీపున ఒక బ్యాగు. సైగాన్‌లో దిగి, దా నాంగ్, హ్యూ మీదుగా ఆగుతూ రైల్లోనే హనోయ్ దాకా వెళ్లాను. ఆ రైలు దారి 1,726 కిలోమీటర్లు. హనోయ్ చేరేసరికి ఇంకా నాలుగు రోజులు మిగిలాయి. హాస్టల్లో ఎవరిని చూసినా ఉత్తరాన ఉన్న హా జాంగ్ కొండలకి బయల్దేరుతున్నారు. నేను వెళ్లలేదు. ఆ నాలుగు రోజులూ హనోయ్‌లోనే, పొద్దున్నే ఒక సరస్సు గట్టున కూర్చుంటూ ఉండిపోయాను.

తొలేళ్ల రోజు పొద్దున్న ఇల్లు చేరాను. మర్నాడు మా పైడితల్లమ్మ జాతర సిరిమానోత్సవం, ఇంటినిండా చుట్టాలు. మా పిన్ని అందరి ముందూ "ఏటే, అంత డబ్బెట్టి ఎల్లి గదిలో కూకున్నావా?" అని అడిగింది. అన్నయ్యదీ అదే మాట. మళ్లీ ఎప్పుడు వెళ్తావు, ఉన్న రోజులు వాడుకోవాలి కదా అని. అప్పట్నుంచీ నాకు ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది. అందుకే ఈ ఫోరంలో అడుగుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఒంటరిగా వెళ్లినప్పుడు ఆఖరి మూడు నాలుగు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి, విమానం ఎక్కే ఊళ్లోనే ఉండాలి.

ఎందుకో చెప్తాను. హనోయ్‌లో దిగిన రోజు బండి మీద ఒక బాన్ మీ కొన్నాను, అంటే లోపల గుడ్డూ కూరా పెట్టిన బ్రెడ్డు. ఇరవై వేల డాంగ్‌లు. నోటు ఇచ్చి నడుచుకుంటూ పోతున్నాను. ఆ అమ్మే ఆవిడ వెనకాలే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఒక చేతిలో నేనిచ్చిన నోటు, ఇంకో చేతిలో ఆవిడ గల్లాలోంచి తీసిన నోటు, రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది. రెండూ నీలం రంగే. ఒకటి ఇరవై వేలు, నేనిచ్చింది అయిదు లక్షలు. మన లెక్కలో అరవై చిల్లర రూపాయలకి బదులు పదహారు వందల పైన ఇచ్చేశాను. మూడు వారాలుగా ఆ నోట్లే వాడుతున్నాను, ఒక్కసారీ పొరపాటు పడలేదు. ఆ రోజు కళ్లు చూస్తున్నాయి గానీ బుర్ర పని చెయ్యడం లేదు. అలాంటి స్థితిలో కొండల మీదకి ఎలా వెళ్తాను? పక్కన "ఇదిగో, చూసుకో" అనడానికి మనిషి లేనప్పుడు మన అలసట మనకి తెలియదు.

పలాస జీడితోట

అక్కా, మీరు అలసిపోయారు, ఆగారు. అందులో తప్పేమీ లేదు. కానీ అందరూ అలాగే చెయ్యాలంటే ఒప్పుకోలేను.

మాది ఉద్దానం. మా నాన్న పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో పనిచేశారు. మా ఊళ్లో విదేశం అంటే అదే. ఆయన ఆఖరి రోజులు ఎలా గడిచేవో మాకు తెలుసు: అట్టపెట్టెలో సబ్బులు, దుప్పట్లు, టైగర్ బామ్ సర్దడం, తాడుతో బిగించడం, పెట్టె మీద స్కెచ్ పెన్నుతో పేరు, ఊరు, జిల్లా రాయడం. క్యాంపు, సైటు, విమానాశ్రయం తప్ప ఆయన ఆ దేశంలో ఏమీ చూడలేదు. నేను వియత్నాం వెళ్తానంటే టికెట్ డబ్బులు ఇచ్చి ఆయన అన్నది ఒక్కటే, "అన్నీ చూసి రారా" అని. అలాంటప్పుడు నాలుగు రోజులు ఒక చెరువు గట్టున కూర్చుని వస్తే ఆయన మొహం ఎలా చూడాలి?

నేను ఆఖరి నాలుగు రోజులూ హా జాంగ్‌లోనే ఉన్నాను. డాంగ్ వాన్ నుంచి మెయో వాక్ వెళ్లే ఘాట్ రోడ్డు ఇరవై కిలోమీటర్లుంటుంది. మధ్యలో మా పీ లెంగ్ కనుమ. అరకు ఘాట్ చూసిన కళ్లకి కూడా అది వేరే. కింద న్యో క్వే నది ఆకుపచ్చ దారంలా కనబడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో కొండవాలు పొడుగునా బక్‌వీట్ పూలు, లేత గులాబీ రంగు. వేరే నెలల్లో వెళ్తే ఆ పూలు అంతగా ఉండవు. విమానానికి ముందు రోజు రాత్రి హనోయ్ చేరాను. ఏ ఇబ్బందీ రాలేదు.

అయ్యకోనేరు గట్టు

బాబూ, మీకు ఇబ్బంది రాలేదు, సంతోషం. మా అబ్బాయికి వచ్చింది. వేరే దేశంలే, కానీ సంగతి ఇదే. ఆఖరి రోజున కొండల్లోంచి బస్సులో వస్తుంటే దారిలో మట్టిపెళ్లలు పడ్డాయి. తొమ్మిది గంటలు రోడ్డు మీదే. విమానం పోయింది. కొత్త టికెట్ ఇరవై ఎనిమిది వేలు. డబ్బు సంగతి అలా ఉంచండి. ఫోన్లో చార్జింగ్ అయిపోయి ఆ తొమ్మిది గంటలూ వాడి దగ్గర్నుంచి మాట లేదు. నేను రాత్రంతా వాకిట్లో తిరుగుతూనే ఉన్నాను. బయల్దేరేటప్పుడు పిల్లలు రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తారు. తర్వాత తగ్గిపోతుంది, మేమూ అలవాటు పడతాం. కానీ వచ్చే రోజు దగ్గర పడేకొద్దీ ఇంట్లో వాళ్లకి టెన్షన్ పెరుగుతుంది. ఇది కూడా లెక్కలో వేసుకోండి.

బొబ్బిలి బైకర్

హా జాంగ్ మాట వచ్చింది కాబట్టి ఒక ముఖ్యమైన సంగతి. మన రవాణా ఆఫీసులో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కిందది. వియత్నాం ఒప్పుకునేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్‌ని. అంటే మన పర్మిట్ జేబులో ఉన్నా అక్కడ మామూలు మోటారుసైకిల్‌కి లైసెన్సు లేనట్టే. పోలీసులు ఆపితే జరిమానా పడుతుంది. పడి దెబ్బ తగిలితే అంతకంటే కష్టం, లైసెన్సు చెల్లదని ఇన్సూరెన్స్ వాళ్లు డబ్బు ఇవ్వకపోవచ్చు. బండి నడిపేది అక్కడి మనిషై, మనం వెనక కూర్చుంటే ఈ గొడవ లేదు. అక్కడ వాళ్లని ఈజీ రైడర్లంటారు.

పలాస జీడితోట

నేనూ అలాగే వెళ్లాను. నడపలేదు.

గంటస్తంభం (విజయనగరం)

తమ్ముడూ, నాన్నగారి మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. "అన్నీ చూసి రారా" అన్న మనిషి ముందు నా వాదన చిన్నదే. అయినా ఒక్కటి చెప్పనివ్వు. చెరువు గట్టున కూర్చోవడం చూడకపోవడం కాదు.

హోవాన్ కియెమ్ సరస్సు మా హాస్టల్‌కి అయిదు నిమిషాల నడక. నాలుగు పొద్దులూ అయిదున్నరకే వెళ్లాను. మొదటి రోజు అందరూ కొత్త మొహాలే. రెండో రోజుకి ఎర్ర వంతెన పక్కన విసనకర్రలు పట్టుకుని వ్యాయామం చేసే ముసలమ్మల గుంపు గుర్తుపట్టాను. మూడో రోజు వాళ్లే నన్ను గుర్తుపట్టారు. ఒకావిడ తన విసనకర్ర నా చేతిలో పెట్టి మణికట్టు ఎలా తిప్పాలో నేర్పింది. నాకు రాలేదు. నా వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటీ సర్ది, మళ్లీ తిప్పించింది. ఇరవై రెండు రోజులు పది ఊళ్లు తిరిగాను గానీ, అంతవరకూ ఆ దేశంలో నన్ను రెండోసారి చూసినవాళ్లే లేరు. ఏ ఊళ్లోనూ రెండు రాత్రుల కంటే ఉండలేదు మరి.

ఇంకొకటి, ఇది అందరికీ పనికొస్తుంది. వియత్నాం ఈ-వీసా 2023 ఆగస్టు 15 నుంచి 90 రోజుల దాకా ఇస్తున్నారు. దరఖాస్తులో తేదీలు మనమే రాస్తాం. సరిగ్గా టికెట్ తేదీకే ముగిసేలా రాయకండి, ఇంకో వారం కలిపి రాయండి. నేను తిరుగు ప్రయాణం తేదీ దాకానే రాసుకున్నాను. విమానం తప్పితే వీసా కూడా తప్పుతుందన్న భయం ఆఖరి వారమంతా నాతోనే ఉంది. పైగా నాది ముక్కల ప్రయాణం: హనోయ్ నుంచి కలకత్తా విమానం, హౌరాలో రైలు. ఒకటి తప్పితే రెండోది పోయినట్టే, ఆ డబ్బు ఎవరూ ఇవ్వరు.

రాజాం నుంచి

అక్కా, అన్నయ్యా, నేను ఈ నవంబరు 6న వెళ్తున్నాను, పదమూడు రోజులు. నాదీ కలకత్తా మీదుగానే, రాకపోకలు రెండూ హనోయ్ నుంచే. హా జాంగ్ ఆఖర్న పెట్టుకున్నాను. ఇదంతా చదివాక భయం పట్టుకుంది. మానేయాలా?

పలాస జీడితోట

మానకు! పూలు ఆ నెలలో ఉంటాయి.

గంటస్తంభం (విజయనగరం)

మానొద్దు, నేనూ అదే అంటాను. దిగేదీ ఎక్కేదీ హనోయ్‌లోనే కదా, దాన్ని ఆఖరి నుంచి మొదటికి జరుపు. దిగిన మర్నాడే బస్సెక్కు, ఆరేడు గంటల్లో హా జాంగ్. ఒంట్లో ఓపిక, చేతిలో డబ్బు, వీసాలో రోజులు అన్నీ నిండుగా ఉన్నప్పుడే కొండలు చూసేయ్. ఆఖరి మూడు రోజులు హనోయ్‌కి ఉంచు.

రాజాం నుంచి

బస్సు టికెట్ మార్చాను. 7న పొద్దున్నే. వెనక కూర్చునే వెళ్తాను. అమ్మకి రోజూ రాత్రి తొమ్మిదికి ఫోన్ అని చెప్పాను. ఆ ఎర్ర వంతెన సరస్సుకి ఏ వైపు ఉంటుందక్కా?

గంటస్తంభం (విజయనగరం)

ఉత్తరం వైపు, గుడికి వెళ్లే దారే అది. అయిదున్నరకే వెళ్లు, ఆరున్నర దాటితే వాళ్లు ఇళ్లకి వెళ్లిపోతారు.