నడుస్తున్న యూనిట్‌లో నీళ్లు తగ్గాలంటే: సైకిల్స్ పెంచాలా, టర్బైన్ ఆవిరిని గాలితో చల్లార్చే ఎయిర్ కూల్డ్ కండెన్సర్ పెట్టాలా?

జలరసాయని:
500 మెగావాట్ల బొగ్గు యూనిట్ తీసుకుందాం. కూలింగ్ టవర్‌కి గంటకు 60,000 ఘనపు మీటర్ల నీళ్లు తిరుగుతాయి, రేంజ్ (టవర్‌లో నీళ్లు ఎంత చల్లబడతాయో ఆ తేడా) 10 డిగ్రీలు. ఆవిరయ్యేది సుమారు 920. సైకిల్స్ అంటే కొత్తగా కలిపే నీళ్లకంటే టవర్ నీళ్లలో లవణాలు ఎన్ని రెట్లు చిక్కబడ్డాయో. ఆ 920ని సైకిల్స్‌లో ఒకటి తీసేసిన అంకెతో భాగిస్తే బ్లోడౌన్ (లవణాలు పెరక్కుండా బయటికి వదిలే నీళ్లు) వస్తుంది: 3 సైకిల్స్ దగ్గర 460, 6 దగ్గర 184. టవర్‌ని ముట్టుకోకుండానే గంటకు 276 ఘనపు మీటర్లు మిగులు. ఇది చేయకుండా కండెన్సర్ మార్చే మాట ఎత్తకూడదు.

పొడిగాలి:
6 నుంచి 12కి లాగితే మిగిలేది ఇంకో 100 మాత్రమే. ఆ 920 ఎన్ని సైకిల్స్ పెంచినా తగ్గదు, అది మిగలాలంటే గాలి కండెన్సరే పెట్టాలి. పైగా మేకప్‌లో (టవర్‌కి కొత్తగా కలిపే నీళ్లలో) సిలికా లీటరుకు 25 మిల్లీగ్రాములుంటే 6 దగ్గరే 150కి చేరుతుంది, మామూలుగా పెట్టుకునే హద్దు అదే. కార్బొనేట్ పొర యాసిడ్‌కి ఊడుతుంది, సిలికా పొర అంత తేలిగ్గా ఊడదు.

టర్బైన్‌డెస్క్:
పొడిగాలి గారూ, వేసవి మధ్యాహ్నం చూడండి. గాలి 42, వెట్ బల్బ్ (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపేది) 26. టవర్ నీళ్లు 31 దగ్గర వస్తే కండెన్సర్‌లో ఆవిరి 45 లోపే నీరవుతుంది, బ్యాక్ ప్రెషర్ (టర్బైన్ చివర ఆవిరి ఒత్తిడి) 0.095 బార్. గాలితో చల్లబరిస్తే 42కి పైన ఇంకో 25 డిగ్రీలు కావాలి, అంటే 67 దగ్గర 0.27 బార్. పాత టర్బైన్ చివరి వరుస బ్లేడ్లు ఆ ఒత్తిడికి చేసినవి కావు. లోడ్ దించాలి, లేదా టర్బైన్ ఎల్‌పీ (తక్కువ ఒత్తిడి) సిలిండర్ మార్చాలి. ఎదురుగాలి వీస్తే ఫ్యాన్లు వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తాయి, అది వేరే బాధ.

జలరసాయని:
సైకిల్స్ పెంచేవాళ్లు ఒక్కసారిగా దూకొద్దు, అర సైకిల్ చొప్పున పెంచండి. ప్రతి మెట్టులో మెగ్నీషియం సైకిల్స్‌నీ కాల్షియం సైకిల్స్‌నీ (టవర్ నీళ్లలోని అంకెని మేకప్ అంకెతో భాగించి) పక్కపక్కన పెట్టి చూడండి. మెగ్నీషియం 5.0, కాల్షియం 4.2 వస్తే, తగ్గిన కాల్షియం కండెన్సర్ ట్యూబుల మీదో ఫిల్స్ (టవర్‌లో నీళ్లు పరుచుకునే పలకలు) మీదో పేరుకుంటున్నట్టే. క్లోరైడ్‌తో పోల్చొద్దు, క్లోరిన్ డోసింగ్ ఉన్నచోట అది ఎక్కువ చూపిస్తుంది. నీళ్లలో లవణాలు కొలిచి బ్లోడౌన్ వాల్వ్‌ని నడిపే కండక్టివిటీ ప్రోబ్‌ని వారానికోసారి తుడవాలి. పొర పట్టిన ప్రోబ్ తక్కువ చదువుతుంది, బ్లోడౌన్ వాల్వ్ తెరుచుకోదు, సైకిల్స్ మనకు తెలియకుండానే హద్దు దాటిపోతాయి.

పొడిగాలి:
పాత యూనిట్ విషయంలో ఒప్పుకుంటున్నా. కొత్తదైతే మాత్రం టర్బైన్ ఆవిరిని రెండుగా చీల్చి కొంత గాలి కండెన్సర్‌కి, కొంత తడి కండెన్సర్‌కి పంపే ఏర్పాటు మొదటి డ్రాయింగ్‌లోనే ఉండాలి. చలికాలంలో తడి వైపు ఆపేయొచ్చు, ఎండాకాలంలో బ్యాక్ ప్రెషర్ మీరు చెప్పిన 0.27 దాకా పోదు.