అప్‌డేట్: డిస్క్ రాపిడి పోయింది, సీట్‌పోస్ట్ నిలబడింది

రోడ్డుకీ గ్రావెల్‌కీ (కంకర దారులకీ) పనికొచ్చేలా కార్బన్ ఫ్రేమ్ మీద సైకిల్ బిగించుకుంటున్నానని, వెనక డిస్క్ (చక్రంతో పాటు తిరిగే బ్రేకు పళ్లెం) బ్రేకు ప్యాడ్‌కి రాసుకుంటోందని, సీట్‌పోస్ట్ (సీటుని మోసే గొట్టం) జారుతోందని పోయినసారి అడిగాను. రెండూ తీరాయి. ఓపిగ్గా సమాధానాలిచ్చిన వాళ్లందరికీ థాంక్స్.

రాపిడి సంగతే నన్ను బాగా ఏడిపించింది. కాలిపర్ (ప్యాడ్‌లని పట్టి ఉంచే బ్రేకు భాగం) బోల్టులు వదులు చేసి, బ్రేకు లివర్ నొక్కిపట్టి మళ్లీ బిగించడం ఎన్నిసార్లు చేశానో. బిగిస్తున్నంతసేపూ బాగుండేది, ఆఖరి పావు తిప్పులో కాలిపర్ ఓ పక్కకి ఒరిగేది. కింద తెల్ల కాగితం పెట్టి చూస్తే ఒకవైపు సందు కనిపించేది, రెండోవైపు అసలు లేదు. విప్పి చూస్తే ఫ్రేమ్ మీద కాలిపర్ కూర్చునే చోట (ఫ్లాట్ మౌంట్) పెయింట్ గడ్డకట్టి ఉంది. మెకానిక్ చేత ఫేసింగ్ (ఆ చోటుని గీకి చదును చేయడం) చేయించాను. ఒక్క దెబ్బకి సరిపోయింది! కొత్త ఫ్రేమ్ కొంటే ముందు అక్కడ వేలితో తడిమి చూడండి.

సీట్‌పోస్ట్‌కి గ్రీజు రాయడం నా పొరపాటే. శుభ్రంగా తుడిచి కార్బన్ పేస్ట్ (జారకుండా పట్టునిచ్చే గరుకు పేస్ట్) రాసి, దాన్ని బిగించే క్లాంప్ మీద రాసున్నట్టే 5 న్యూటన్ మీటర్లకి బిగించాను. గుర్తుకి చుట్టిన టేపు ఇంతవరకూ కదల్లేదు.

కొత్త ప్యాడ్‌లని చక్రం లాక్ అవకుండా ఇరవైసార్లు మెల్లగా ఆపుతూ అలవాటు చేశాను, కీచుమనడం లేదు. ఇప్పుడు 40 మిల్లీమీటర్ల టైర్లున్నాయి. రోడ్డు కోసం 28 మిల్లీమీటర్లవి వేరే చక్రాలకి ఎక్కించాలి. హబ్ (చక్రం నడిమి భాగం) మారితే రోటర్, అంటే ఆ డిస్క్, కాస్త జరుగుతుంది కాబట్టి దాన్ని సరిచేసే సన్నటి షిమ్‌లు (పలచటి రేకు వాషర్లు) తెప్పిస్తున్నాను.