అనంతపురంలో ఆర్కిడ్ సంఘం పెట్టుకున్నాం. నెలనెలా ఎవరిని పిలవాలి, ఏం చేయించాలి?

అనంతపురం నుంచి, అడుగుతున్నది:

అందరికీ నమస్తే. మా ఊళ్లో మిద్దె తోటలు పెంచేవాళ్లం కొందరం కలిసి ఈ మధ్య ఆర్కిడ్ పూల మొక్కల కోసమే ఒక చిన్న సంఘం లాంటిది మొదలుపెట్టాం. రిజిస్ట్రేషన్ ఏమీ లేదు. 23 మందిమి, నెలకు తలా 100 రూపాయలు వేసుకుంటాం, ప్రతి నెలా రెండో ఆదివారం పొద్దున 8 గంటలకు ఎవరో ఒకరి మిద్దె మీద కూర్చుంటాం. మొదటిసారి చాలా బాగా జరిగింది, ఎవరి మొక్క కథ వాళ్లు చెప్పుకున్నారు. తర్వాత బయటి ఊరి నుంచి ఒకాయనను పిలిచాం. ఆయన గంటన్నర సేపు చల్లటి పాలీహౌస్‌లో పెరిగిన ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ల ఫొటోలు చూపించి, చివర్లో కారు డిక్కీ తెరిచి మొక్కలు అమ్మారు. మా వాళ్లు ఆశగా కొన్నారు, నేనూ రెండు తెచ్చుకున్నాను. మే ఎండలకు వాటిలో సగానికి పైగా పోయాయి. ఆ తర్వాతి మీటింగ్‌కు 9 మందే వచ్చారు.

నాకు ఈ సంఘం నిలబడాలని చాలా ఉంది. అందుకే అడుగుతున్నాను. మా లాంటి చోట మాట్లాడటానికి ఎవరిని పిలవాలి, వాళ్లకు ఏం ఇవ్వాలి, ఉపన్యాసం కాకుండా ఇంకేం చేయించవచ్చు? ముగ్గురు నలుగురు పిల్లల్ని కూడా తీసుకొస్తారు, వాళ్లకూ ఏదైనా పని ఉంటే బాగుంటుంది.

కర్నూలు నుంచి:

అన్నా, మా మిద్దె తోటల గ్రూపులోనూ అచ్చం ఇలాగే అయింది, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. ఆర్కిడ్ నిపుణుల కోసం వెతకడం ముందు ఆపండి. మన సీమలో ఆర్కిడ్‌ను చంపేవి మూడు: ఉప్పు నీళ్లు, ఎండ, పొడిగాలి. ఈ మూడింటితో రోజూ కుస్తీ పట్టి బతుకుతున్నవాళ్లు మీ ఊరి చుట్టూనే ఉన్నారు. వాళ్లు ఆర్కిడ్ పేరు కూడా విని ఉండకపోవచ్చు, అయినా వాళ్లనే పిలవండి.

మొదట నీళ్లు. ఆర్ఓ ప్లాంటు నడిపే మనిషినో, రిపేరు చేసే మెకానిక్‌నో పిలిచి, సభ్యులందరినీ ఇంటి నీళ్లు ఒక చిన్న సీసాలో తెమ్మనండి. సీసా మీద వీధి పేరు రాయాలి. నీళ్లలో కరిగిన ఉప్పులు ఎన్ని ఉన్నాయో చూపించే టీడీఎస్ మీటరు పెద్ద ఖర్చేమీ కాదు, సంఘం డబ్బుతోనే ఒకటి కొనొచ్చు. మా ఇంటి బోరు నీళ్లలో మీటరు పెడితే 1,140 చూపించింది. ఆర్కిడ్‌కు 200 లోపు ఉంటే సుఖం. ఉప్పు పేరుకుంటే వేరు కొనలు నల్లబడి మాడిపోతాయి, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది, మనమేమో దాహం వేసిందనుకుని అవే నీళ్లు ఇంకా పోస్తాం. నేను నాలుగు డెండ్రోబియం రకం ఆర్కిడ్లు పోగొట్టుకున్నాక గానీ ఈ సంగతి తెలిసిరాలేదు. ఏసీ నుంచి కారే నీళ్లు, వాన నీళ్లు, ఆర్ఓ నీళ్లు ఇవన్నీ పనికొస్తాయి. కాకపోతే వీటిలో కాల్షియం, మెగ్నీషియం దాదాపు ఉండవు కాబట్టి ఎరువులో అవి ఉండేలా చూసుకోవాలి.

దీని తర్వాతి నెల, ఇళ్లకు వాన నీటి తొట్లు కట్టించే ఇంజనీరు ఎవరైనా తెలిస్తే పిలవండి. మీ దగ్గర ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే అయినా లెక్క వేసి చూడండి, 100 చదరపు అడుగుల మిద్దె మీద పడేది 5,000 లీటర్ల పైమాటే. అందులో కొంత ఆవిరైనా, మొదటి వాన మురికిగా ఉంటుందని వదిలేసినా, 20 కుండీలకు చాలా నెలలు వస్తుంది. ఈ లెక్క అందరి ముందు పలక మీద వేయించండి, ఇంటికి వెళ్లగానే డ్రమ్ము కొనేవాళ్లు కనీసం ముగ్గురు ఉంటారు.

నీడ గురించి అయితే టమాటా, మిరప నారు పెంచే నర్సరీవాళ్లను మించినవాళ్లు లేరు. 50 శాతం ఎండ ఆపే నెట్‌కూ 75 శాతం నెట్‌కూ తేడా వాళ్లు కళ్లతో చెప్పేస్తారు, గాలికి చిరగకుండా ఎలా లాగి కట్టాలో కూడా చూపిస్తారు. డెండ్రోబియంకు 50 చాలు, ఫెలనాప్సిస్‌కు 75 కావాలి. వీలైతే వాళ్లను పిలవడం కాకుండా మీరే వాళ్ల షెడ్డుకు వెళ్లండి, ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట. ఆ గంటకు లోపల ఎంత వేడి ఉందో, నేల తడిపితే ఎంత తగ్గిందో థర్మామీటరు పెట్టి చూసుకోవచ్చు.

ఇంకొకరు, అరటి టిష్యూ కల్చర్ మొక్కల్ని హార్డెనింగ్ చేసే నర్సరీవాళ్లు. పులివెందుల వైపు జీ-9 రకం అరటి చాలావరకు ఆ మొక్కలతోనే కదా. నర్సరీల్లో దొరికే ఫెలనాప్సిస్, డెండ్రోబియం రకాల్లో చాలా భాగం ల్యాబ్ సీసాల్లో పుట్టినవే. సీసాలోంచి తీసిన లేత మొక్కను బయటి గాలికి ఎలా అలవాటు చేస్తారో వాళ్లు చెబితే, కొన్న మొక్క మన మిద్దె మీద మొదటి నెలలోనే ఎందుకు పోతుందో మీకే అర్థమవుతుంది.

డబ్బు సంగతి మొహమాటపడకుండా ముందే మాట్లాడుకోండి. పని మానుకుని వచ్చే మెకానిక్‌కు, నర్సరీ మనిషికి ఆ పూట కూలి నష్టపోకుండా ఇవ్వాలి, భోజనం పెట్టాలి, రానుపోను చార్జీలు ఇవ్వాలి. మాకు సమయం 40 నిమిషాలు, తర్వాత ప్రశ్నలు, మా దగ్గర బోరు నీళ్లు ఇలా, ఎండ ఇలా అని రెండు వారాల ముందే చెప్పండి, నాలుగైదు ప్రశ్నలు రాసి పంపండి. అమ్మకాలు ఉంటే మీటింగ్ అయ్యాకనే, అదీ ఆ రోజు మాట్లాడిన మొక్కలే. ఈ నియమం పెట్టాక మాకు ఆ గొడవ మళ్లీ రాలేదు.

కడప నుంచి:

కర్నూలు అక్క చెప్పింది నూటికి నూరు నిజం. మా కడప ఎండ గురించి చెప్పక్కర్లేదు కదా. నేను చేతిపని గురించి చెబుతాను. ఏ వక్త వచ్చినా రాకపోయినా ప్రతి మీటింగ్‌లో అందరి చేతులకూ మట్టి, సారీ, బొగ్గు అంటాలి. ఆర్కిడ్‌కు మట్టి వద్దని కొత్తవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా ఎర్రమట్టిలో నాటేస్తారు, ఒక్కసారి చేత్తో కుండీ మారిస్తే మళ్లీ ఆ తప్పు చేయరు.

కుండీ మార్చే కార్యక్రమం ఏప్రిల్, మేలో పెట్టకండి. వానలు మొదలయ్యాక, కొత్త పిలక కింద వేర్లు పొడుచుకు వస్తున్నప్పుడు పెట్టండి. కుండీలో మట్టికి బదులు వేసే బొగ్గులంటే కట్టె బొగ్గులు, ఇస్త్రీ బండి వాళ్లు వాడేవి. పాత పెంకు ముక్కలు, టెంకాయ పీచు ముక్కలు కూడా కావాలి. పీచును రెండు మూడు రోజులు నానబెట్టి నీళ్లు మార్చాలి, అందులోనూ ఉప్పు ఉంటుంది. కేరళవాళ్ల వీడియోల్లో ఉత్త బొగ్గు మీద పెడతారు, అక్కడి గాలిలో తేమ వేరు. మన దగ్గర పీచు పాలు కొంచెం పెంచాలి. ఫెలనాప్సిస్‌ను పారదర్శకమైన ప్లాస్టిక్ కప్పులో పెట్టి చూపించండి. తడి ఉంటే వేరు పచ్చగా, ఆరితే వెండిలా తెల్లగా కనిపిస్తుంది, అప్పుడు రోజుకు ఎన్నిసార్లు పోయాలి అని అడిగేవాళ్లే ఉండరు.

ముఖ్యమైన మాట. ఒక మొక్క కోసిన బ్లేడు ఇంకో మొక్కకు తగలకూడదు. ఆర్కిడ్‌లలో సింబిడియం మొజాయిక్ అనే వైరస్ రసంతోనే పాకుతుంది, మందు లేదు. నలుగురూ ఒకే కత్తెరతో పనిచేస్తే మీ మీటింగే జబ్బు పంచినట్టు అవుతుంది. ఒక గ్యాస్ లైటరు పెట్టుకుని మొక్కకు మొక్కకు మధ్య కత్తెరను మంట మీద కాల్చండి, లేదా మనిషికొక కొత్త బ్లేడు ఇవ్వండి.

మేము రెండు బల్లలు వేస్తాం. ఒకటి పూసిన మొక్కలది, పక్కనే చీటీ మీద ఏ దిక్కు ఎండ, ఏ నీళ్లు, ఎప్పుడు ఎరువు అని రాయాలి. రెండోది జబ్బు మొక్కలది, అది దూరంగా, మొక్కను పాలిథీన్ కవర్లో మూసి తేవాలి. నిజం చెప్పాలంటే జనం ఎక్కువ చేరేది రెండో బల్ల దగ్గరే. పిండినల్లి ఎలా ఉంటుంది, పొలుసు పురుగు ఎలా ఉంటుంది, కుళ్లుకూ ఎండ కాటుకూ తేడా ఏంటి, ఇవి ఫొటోలో కన్నా ఎదురుగా చూస్తేనే తెలుస్తాయి.

అనంతపురం నుంచి, మొదట అడిగినది:

అక్కా, అన్నా, ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, చాలా థాంక్స్. ఇంకో సందేహం. మా సభ్యుడొకరు నల్లమల వైపు ట్రిప్ వేద్దాం, అక్కడ చెట్ల మీద అడవి ఆర్కిడ్లు ఉంటాయి, తలా ఒకటి తెచ్చుకుంటే మన ఎండకు తట్టుకుంటాయి అంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. తెచ్చుకోవచ్చా?

అనంతపురం నుంచి, రిటైరైన బోటనీ లెక్చరర్:

బాబూ, తేవద్దు. ఈ ఒక్క మాట మీ సంఘం అందరికీ గట్టిగా చెప్పు. రిజర్వ్ ఫారెస్ట్ నుంచి అనుమతి లేకుండా ఏ మొక్క తెచ్చినా అటవీ చట్టం ప్రకారం నేరం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద కొన్ని ఆర్కిడ్లకు ప్రత్యేక రక్షణ కూడా ఉంది. అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో ఆర్కిడ్ కుటుంబం మొత్తాన్ని చేర్చారు. చట్టం పక్కన పెట్టినా, కొమ్మ బెరడును పట్టుకుని ఉన్న వేర్లు ఊడదీస్తే తెగిపోతాయి, తెచ్చిన మొక్క మిద్దె మీద బతకడం కష్టం.

చూడటానికి మాత్రం తప్పకుండా వెళ్లండి, అటవీ శాఖ అనుమతి తీసుకుని. మన తూర్పు కనుమల్లో వాండా టెస్సెలాటా అనే ఆర్కిడ్ ఉంటుంది. పసుపుపచ్చ రేకుల మీద గోధుమ రంగు గళ్లు, పెదవి లాంటి ఊదా రంగు కింది రేకు, మంచి వాసన. మామిడి లాంటి పెద్ద చెట్ల కొమ్మల మీద కనిపిస్తుంది. పల్లెల్లో చెట్టు మీద మొలిచిన దేన్నయినా బదనిక అనేస్తారు, అక్కడే పొరపాటు. అసలు బదనిక చెట్టులోకి వేరు దించి రసం పీలుస్తుంది. ఆర్కిడ్ కొమ్మ మీద కూర్చుంటుందే గానీ చెట్టు నుంచి ఏమీ తీసుకోదు. రెండింటినీ పక్కపక్కన చూపిస్తే రైతులు కూడా చెట్టు మీది వాండాను పీకి పారేయడం మానేస్తారు. దీనికి మన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం బోటనీ విభాగానికి, కడపవాళ్లయితే యోగి వేమన విశ్వవిద్యాలయానికి నెల ముందు ఉత్తరం రాయండి. విభాగాధిపతి పేరిట రాస్తే పరిశోధక విద్యార్థినైనా పంపమని అడగవచ్చు. వాళ్లు ఉత్సాహంగా చెబుతారు, మాట్లాడే అలవాటు వాళ్లకూ అవసరమే. పురుగులు, తెగుళ్ల గురించి రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి. రైల్వే కోడూరు దగ్గర అనంతరాజుపేట ఉద్యాన కళాశాల ఉంది, అక్కడికి ఒకరోజు బస్సులో వెళ్లి రావచ్చు. సిక్కింలోని పాక్యాంగ్‌లో జాతీయ ఆర్కిడ్ పరిశోధన కేంద్రం ఉంది, అక్కడి శాస్త్రవేత్తలతో ఆన్‌లైన్లో మాట్లాడే వీలు దొరికితే వైరస్, విత్తనం లాంటివి అడగండి. చల్లటి కొండల మీద పెరిగే సింబిడియం ఆర్కిడ్ గురించి అడిగి సమయం పోగొట్టుకోవద్దు, దానికి రాత్రి చలి ఉంటేనే పూత వస్తుంది.

పిల్లల పని అడిగావు కదా. డెండ్రోబియం పూసినప్పుడు ఒక్కొక్కరికీ భూతద్దం, పుల్ల ఇవ్వు. పువ్వు మధ్యలో స్తంభంలా ఉండే కాలమ్ కొనన చిన్న టోపీ ఉంటుంది, పుల్లతో నెమ్మదిగా ఎత్తితే పసుపు పచ్చటి పుప్పొడి ముద్దలు అంటుకుని వస్తాయి. వాటిని ఇంకో పువ్వులో కాలమ్ కింది జిగట గుంటలో పెట్టాలి. పట్టిందంటే కొద్ది రోజుల్లో రేకులు వాడి, కాడ లావెక్కుతుంది. 1841లో రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే బానిస కుర్రాడు, 12 ఏళ్లవాడు, వెనిలా పువ్వుకు ఇలాగే చేత్తో పరాగసంపర్కం చేసే పద్ధతి కనిపెట్టాడు, ఈరోజుకీ వెనిలా తోటల్లో అదే పద్ధతి. వెనిలా కూడా ఆర్కిడ్డే అంటే పిల్లలు నోరు తెరుస్తారు, నా క్లాసులో ఏటా చూశాను. కాయ పండితే లోపల పొడి లాంటి విత్తనాలు లక్షల్లో ఉంటాయి. వాటిలో నిల్వ ఆహారం ఉండదు, అడవిలో ఒక రకం బూజు తోడుంటేనే మొలుస్తాయి. 1922లో నడ్సన్ అనే శాస్త్రవేత్త బూజు లేకుండా చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించి చూపించాడు, ల్యాబ్ సీసాల కథ అక్కడి నుంచే.

బెంగళూరు నుంచి, మాది అనంతపురమే:

సార్, మీ పాఠం చదివి కళ్ల ముందు కాలేజీ కనిపించింది. అన్నా, చిన్న సలహా. లాల్‌బాగ్‌లో జనవరిలో, ఆగస్టులో పూల ప్రదర్శన జరుగుతుంది, తెల్లవారుజామున బయలుదేరితే రాత్రికి ఇంటికి వచ్చేయొచ్చు. ఊరికే చూసి రాకుండా, తలా ఒక ప్రశ్న రాసుకుని వెళ్లి అక్కడి స్టాళ్లవాళ్లను అడగమనండి, తర్వాతి మీటింగ్‌లో ఆ జవాబులే చర్చ. కొనేవాళ్లకు ఒక హద్దు పెట్టండి, డెండ్రోబియం, వాండా మాత్రమే. వాండా అయినా ఇంట్లో రోజూ నీళ్లు పోసే మనిషి ఉంటేనే.

అనంతపురం నుంచి, మొదట అడిగినది:

సార్‌కు, అక్కకు, అన్నలందరికీ చేతులెత్తి నమస్కారం. అడవి నుంచి తెచ్చే మాట ఈ సాయంత్రమే గ్రూపులో ఆపేశాను, చూడటానికి వెళ్దామంటే అందరూ సరేనన్నారు. వచ్చే రెండో ఆదివారం మా మిద్దె మీదే, నీళ్ల మీటింగ్. మా వీధి చివర ఆర్ఓ ప్లాంటు నడిపే అన్నను అడిగాను, పొద్దున క్యాన్ల పని అయ్యాక 9 గంటలకు వస్తానన్నాడు, అందుకని టైం ఒక గంట జరుపుతున్నాను. సార్, మీరు కూడా వస్తారా? మా డెండ్రోబియం మీద 6 మొగ్గలు ఉన్నాయి, అప్పటికి విచ్చుకునేలా ఉన్నాయి, పిల్లలకు పుల్లలు నేను తెప్పిస్తాను. భూతద్దాలు మాత్రం ఇంట్లో ఒక్కటే ఉంది, ఎవరి దగ్గరైనా ఉంటే ఆ రోజుకు పట్టుకురండి.