సువారో పగడపు దీవిలో ఇద్దరే నడిపే పడవకు లంగరు వేయడం గురించి

ప్రశ్న

నేనూ మా వారూ మా తెరచాప పడవలో బోరా బోరా నుంచి సమోవాకు వెళ్తూ, దారిలో దక్షిణ పసిఫిక్‌లోని కుక్ దీవులకు చెందిన సువారోలో ఒక వారం ఆగాలనుకుంటున్నాము. ఊరూ అంగడీ లేని ఆ దీవిలో కొన్నాళ్ళు ప్రశాంతంగా గడపాలన్నదే మా ఉద్దేశం. అయితే ఇంతవరకు మేము ఇసుక నేల ఉన్న చోట్లనే లంగరు వేశాము. సువారోలో నీటి అడుగున పగడపు దిబ్బలు ఎక్కువని, గొలుసు వాటికి చుట్టుకుంటుందని విన్నాము. మా దగ్గర 10 మిల్లీమీటర్ల గొలుసు 80 మీటర్లు ఉంది. ఆయన చుక్కాని దగ్గర ఉంటే నేను లంగరు దగ్గర ఉంటాను. మూడో మనిషి సాయం ఉండదు. అక్కడ ఆగినవారు ఎలాంటి ఏర్పాట్లు చేసుకోవాలో చెప్పగలరు.

సమాధానం 1

మీరు విన్నది నిజమే. 15 మీటర్ల లోతులో 75 మీటర్ల గొలుసు వదిలారనుకోండి. లంగరు మీద పడే లాగుడును నేలకు సమాంతరంగా ఉంచేదీ, అలల కుదుపును చాలావరకు తీసుకునేదీ ఆ పొడవే. గాలి దిక్కు మారి పడవ అటూ ఇటూ తిరిగేటప్పుడు గొలుసు ఒక దిబ్బకు రెండు చుట్లు పడితే, ఇక మిగిలేది ఆ దిబ్బ నుంచి పడవ దాకా దాదాపు నిటారుగా ఉన్న ముక్క మాత్రమే. అప్పుడొక పెద్ద అల పడవ ముందుభాగాన్ని పైకెత్తితే, సాగడానికి ఏమీ లేక ఆ దెబ్బంతా గొలుసు మీద, దాన్ని పట్టి ఉంచే సామాను మీద పడుతుంది. పగడానికి జరిగే నష్టం సరేసరి.

అందుకే పసిఫిక్‌లో తిరిగే పడవలవాళ్ళు గొలుసుకు అక్కడక్కడ ఫ్లోట్లు (నీటిలో తేలే బుంగలు) కట్టి దాన్ని నేలకు తగలకుండా లేపి ఉంచుతారు. ఫ్రెంచ్ పాలినీసియాలోని టువామోటు దీవుల తీరాలకు ముత్యాల సాగు నుంచి తెగిపోయిన గట్టి ఫ్లోట్లు కొట్టుకొస్తుంటాయి. చాలామంది వాటినే ఏరి తెచ్చుకుంటారు. లంగరు వేశాక ముఖానికి అద్దం పెట్టుకుని నీళ్ళలోకి దిగి, అది ఇసుకలోనే దిగిందో లేదో కళ్ళారా చూసుకోండి. ఈ ఒక్క పనిని మాత్రం బద్ధకించవద్దు.

సమాధానం 2

ఫ్లోట్లు మంచివే గానీ గాలి తిరిగితే అవి మిమ్మల్ని కాపాడలేవు. పడవలు ఆగేది సువారోలోని యాంకరేజ్ ద్వీపం చాటున కాబట్టి, మామూలుగా వీచే తూర్పు గాలికి అక్కడ ఆశ్రయం బాగానే దొరుకుతుంది. గాలి దక్షిణానికో పడమరకో తిరిగిందంటే, లగూన్ (పగడపు గట్టు లోపలి నీటి మడుగు) మీదుగా కొన్ని మైళ్ళ దూరం నుంచి పెరుగుతూ వచ్చే అలలు నేరుగా మీ మీదికే వస్తాయి, పడవ వెనక పగడపు గట్టు ఉంటుంది. ఇద్దరే ఉన్న పడవకు చీకట్లో ఆ స్థితి నుంచి బయటపడటం చాలా కష్టం.

కాబట్టి ప్రతి సాయంత్రం వాతావరణ సూచన చూసి, ఏమాత్రం అనుమానమున్నా వెలుగుండగానే బయటి సముద్రంలోకి వెళ్ళిపోవాలి. లోపలికి వచ్చిన దారిని జీపీఎస్‌లో భద్రపరచుకోండి గానీ, దానిమీద భరోసాతో రాత్రి దాకా ఆగవద్దు. అనుమానమున్న రాత్రి వెళ్ళలేకపోతే, లంగరు జారితే మోగే అలారం పెట్టుకుని వంతులవారీగా ఒకరు మెలకువగా ఉండాలి.

సమాధానం 3

నియమాల గురించి ఎవరూ చెప్పలేదు. సువారో 1978 నుంచి జాతీయ ఉద్యానవనం. ఏటా పడవలు వచ్చే కాలంలో అక్కడ సంరక్షకులు ఉంటారు. వెళ్ళేముందే కుక్ దీవుల అధికారుల నుంచి తాజా షరతులు రాతపూర్వకంగా తెలుసుకోండి. సముద్రపక్షులు గూళ్ళు పెట్టే చిన్న దీవుల మీదికి సంరక్షకులను అడగకుండా వెళ్ళకూడదు. చేపలు శుభ్రం చేసిన వ్యర్థాలను పడవ పక్కన పారేయవద్దు. లగూన్‌లో సొరచేపలు బాగా ఉంటాయి, మీరేమో అక్కడే ఈతకు దిగాలి.

బోరా బోరా నుంచి దూరం దాదాపు 690 నాటికల్ మైళ్ళు, అంటే ఐదు నాట్ల (గంటకు ఐదు నాటికల్ మైళ్ళ) వేగంతో ఆరు రోజులకు కొంచెం తక్కువ. సూర్యుడు నడినెత్తిన గానీ మీ వెనక గానీ ఉంటేనే నీటి అడుగున దిబ్బలు కనబడతాయి కాబట్టి, పొద్దుగూకే వేళకు చేరితే లోపలికి వెళ్ళే ఆశ మానుకుని, రాత్రంతా బయటే నెమ్మదిగా తిరుగుతూ ఉండటం మేలు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం. అప్పుడు అటు వెళ్ళనే వద్దు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. మొదటి ఫ్లోట్‌ను లంగరు నుంచి ఎంత దూరంలో కట్టాలి? గొలుసు వదులుతూ నేనొక్కదాన్నే కట్టుకోగలనా?

సమాధానం 1 రాసినవారు

తప్పకుండా కట్టుకోగలరు. 15 మీటర్ల లోతుకు మొదటి 20, 25 మీటర్ల గొలుసును నేలమీదే వదిలేయండి. లంగరుకు దగ్గరలోనే ఫ్లోట్ కడితే అది లంగరునే పైకి లాగే ప్రమాదం ఉంది. అక్కడి నుంచి ఆరేడు మీటర్లకొకటి చాలు. ఈ మందం గొలుసు మీటరుకు రెండు కిలోలకు పైగా తూగుతుంది కాబట్టి చిన్న ఫ్లోట్లు దాన్ని లేపలేవు. ప్రతి ఫ్లోట్‌కూ ముందే పొట్టి తాడు, దాని కొసన స్ప్రింగ్ కొక్కెం సిద్ధం చేసుకుంటే, గొలుసు ఆపిన క్షణంలో ఒక కడియానికి తగిలించేయవచ్చు. ఆ కాసేపు మీవారు ఇంజన్‌ను వెనక్కి నడపకూడదు. మీరు చేయెత్తి చూపేదాకా పడవను గాలికి వదిలేయాలి. అరుపులు ఇంజన్ మోతలో వినబడవు గనుక సైగలు ముందే అనుకోండి. లంగరు ఎత్తేటప్పుడు ఒక్కో ఫ్లోట్‌ను అది పడవ ముందు కొసన గొలుసు జారే రోలరు దాకా రాకముందే విప్పాలి, లేకపోతే గొలుసు అక్కడే బిగుసుకుపోతుంది.